క్రమరహిత పదార్థములు, విద్యుత్తు: ఒక చారిత్రక పరామర్శ

ఢిల్లీ మహానగరమున పూసా ప్రాంతమునకు పోవువారు డాక్టర్ కె. ఎస్. కృష్ణన్ మార్గమను పేరుగల వీధిని చూచియే యుందురు. మన తెలుగువారిలో ననేకులు ప్రతిదినమును ఆ దారిని కార్యాలయములకు పోయి వచ్చుచుందురు. రాజుల పేర్లును, రాజకీయ నాయకుల పేర్లును వీధులకు పెట్టుట పరిపాటియైన యీ నగరమున, ఒక భౌతిక శాస్త్రజ్ఞుని పేర నొక మార్గము వెలయుట విశేషమే. ఆ మార్గముననే జాతీయ భౌతిక ప్రయోగశాల కలదు. 1947 జనవరి 4వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. 1950 జనవరి 21వ తేదీన సర్దార్ వల్లభభాయ్ పటేల్ దానిని ప్రారంభించిరి. మన దేశపు తూనికలకు, కొలతలకు, కాలమునకు ప్రమాణములను కాపాడు బాధ్యత ఆ సంస్థది. మనము దిద్దుకొను గడియారముల కాలము సైతము అచటనుండి వచ్చునదియే.

నేను చరిత్రను, సాహిత్యమును చదివి పట్టము పుచ్చుకొన్నవాడను. విజ్ఞానశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అట్టివాడు విద్యుద్వాహకతను గూర్చి వ్రాయుట సాహసమని చదువరులు తలపవచ్చును. ఈ సాహసమునకు కారణము నా తప్పిదమొకటి. సుమారు పదునైదేండ్ల క్రిందట నేనొక కార్యాలయమున క్రింది మెట్టు అధికారిగా నుండగా, ఒక పరిశోధనాలయమునుండి పరికరముల ప్రతిపాదన యొకటి నా బల్లమీదికి వచ్చినది. స్ఫటికరూపము లేని పదార్థములలో విద్యుత్తు ఎట్లు ప్రవహించునో, అవి విద్యుత్తును తమలో నెట్లు నిలుపుకొనునో మిగుల శీతలస్థితిలో కొలిచి చూచుటకు సాధనములు కావలెనని దాని సారాంశము. నాకు బోధపడలేదు. బోధపడనపుడు మనము వ్రాయు వాక్యమునే నేనును వ్రాసితిని: ‘ఇందువలన ప్రయోజనమేమో స్పష్టపరుపవలెను.’ ఫైలు తిరిగిపోయినది. సమాధానము వచ్చులోపల మార్చి నెల గడచినది. ఆ యేటి నిధులు మురిగిపోయినవి. నిబంధనల ననుసరించి చూచినచో నాయందు దోషము లేదు. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ప్రయోజనమేమని అడిగినవాడను నేనే గనుక, ఆ సమాధానమును వెదకవలసినవాడను కూడ నేనే యని తోచి, తీరిక దొరకినపుడెల్ల ఆ విషయచరిత్రను చదువుచు వచ్చితిని. ఆ చదువు ఫలమే యీ వ్యాసము.

మన భాషలో ‘ప్రమాణము’ అను మాట మిక్కిలి బరువైనది. ఒట్టుపెట్టుట ప్రమాణము. కొలత ప్రమాణము. న్యాయశాస్త్రమున సత్యమును నిరూపించు సాధనము ప్రమాణము. విద్యుత్తునకు అడ్డు తగులు గుణమును నిరోధమందురు. దానిని కొలుచు మానము ఓము. ఈ ఓమునకు ప్రమాణమేది? 1893లో షికాగో నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో శాస్త్రజ్ఞులు చేసిన నిర్ణయ మిట్లున్నది: మంచు కరగు ఉష్ణోగ్రతవద్ద 106.3 సెంటీమీటర్ల పొడవును, 14.4521 గ్రాముల బరువును, అంతటను సమానమైన మందమును గల పాదరసపు స్తంభము చూపు నిరోధమే ఒక ఓము. వెండి, రాగి, బంగారము మున్నగు ఘనలోహములుండగా ద్రవమును ఏల యెన్నుకొనిరి? ఘనలోహపు తీగ సాగదీసినను, వంచినను, కాల్చి చల్లార్చినను దాని నిరోధము కొంచెము మారును. ప్రతి తీగకు ఒక పూర్వచరిత్ర యుండును. శుద్ధమైన పాదరసమునకు అట్టి చరిత్ర లేదు. ఎక్కడ తీసినను, ఎవరు తీసినను అది యొకటే. పరమాణువులు వరుస తప్పి యిటునటు తిరుగుచుండు ద్రవమే ప్రపంచమునకు ప్రమాణమైనది. క్రమము లేనిదానికి నిలుకడ యుండదను మన నమ్మకమునకు ఇది మొదటి దెబ్బ.

కథను కొంచెము వెనుకనుండి చెప్పవలెను. 1729లో ఇంగ్లండున స్టీఫెన్ గ్రే యనునాతడు జనపదారము వెంట విద్యుత్తును చాల దూరము పంపగలిగెను. దారమును పట్టునూలుతో వ్రేలాడదీసినపుడు విద్యుత్తు నిలిచినది. పట్టునూలు తెగిపోగా ఇత్తడి తీగతో వ్రేలాడదీసినపుడు అది జారిపోయినది. వాహకములు, బంధకములు అను రెండు తెగలు అప్పటినుండి యేర్పడినవి. 1745-46 ప్రాంతమున హాలండులోని లైడెన్ నగరమున గాజుజాడీలో విద్యుత్తును నిలువచేయుట తెలిసినది. ఆ జాడీలో ఘనతయెల్ల గాజుదే. ఈ గాజు ఘనమువలె గట్టిగా నుండును గాని, లోపలి పరమాణువుల అమరికను బట్టి చూచినచో గడ్డకట్టిన ద్రవము వంటిది. స్ఫటికమునందలి వరుసలు దానిలో లేవు.

1837లో మైకేల్ ఫారడే గాజు, లక్క, గంధకము మున్నగువానిని రెండు లోహపు గోళముల నడుమ నుంచి, ఒక్కొక్క పదార్థము వలన నిలువయగు విద్యుత్తు ఎంత పెరుగునో కొలిచెను. బంధకమనగా ఊరక అడ్డునిలుచు గోడ కాదనియు, అది తనలో తాను ఒత్తిడికిలోనై పాలుపంచుకొనుననియు ఆయన చూపెను. అట్టి పదార్థమును రోధకమందురు. శూన్యమునకు ఒకటి యనుకొన్నచో గాజునకు ఐదునుండి పది వరకు, నీటికి సుమారు ఎనుబది యీ గుణమునకు విలువలు. మన నెల్లూరు మండలమున గూడూరు గనులలో దొరకు అభ్రకము ఈ పనికే దేశదేశములకు ఎగుమతి యైనది. అభ్రకము వరుసలు తీరిన స్ఫటికము. గాజు వరుసలు లేనిది. రెండును మంచి రోధకములే. అయితే వాని నడవడిలో భేదమున్నది.

ఆ భేదమును 1854లో జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ కోల్‌రౌష్ కనిపెట్టెను. లైడెన్ జాడీలోని విద్యుత్తును ఒకసారి పూర్తిగా తీసివేసి, కొంతసేపు ఊరకుండి మరల ముట్టినచో, మరికొంత విద్యుత్తు బయటికి వచ్చును. మరల తీసివేసినను, మరల కొంచెము మిగులును. ఆ విడుదల ఒక్కుమ్మడిగా జరుగదు; రాను రాను మందగించుచు, మందగించుట సైతము మందగించుచు సాగును. గాజు తాను పొందిన ఒత్తిడిని వెంటనే మరువదు. దాని లోపల త్వరగా సర్దుకొను తావులును, తాపీగా సర్దుకొను తావులును కలవు. అన్నియు ఒకే తీరున నుండుట క్రమపదార్థమున చెల్లును గాని ఇచట చెల్లదు. 1884లో ఎమిల్ వార్‌బుర్గ్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు, వేడిచేసిన గాజుద్వారా సోడియము అయానులు నిజముగా ప్రయాణము చేయునని నిరూపించెను. చల్లనైనపుడు బంధకమైన గాజు, కొన్ని వందల డిగ్రీల వేడివద్ద వాహకమగును.

ఇవి పాత సంగతులనుకొనరాదు. ఢిల్లీ వేసవిలో మన క్వార్టరులోని పంకా తిరుగుట మానినచో, విద్యుత్పనివాడు వచ్చి ‘కండెన్సరు పోయినది’ అని చెప్పి, రెండున్నర మైక్రోఫారడుల చిన్న డబ్బీ నొకదానిని మార్చిపోవును. ఆ డబ్బీలో నున్నది సన్నని ప్లాస్టిక్ పొర. దానిలో కొంత భాగము క్రమముగను, కొంత భాగము చిక్కుపడిన దారపుటుండవలెను ఉండును. గ్రే మొదలు కోల్‌రౌష్ వరకు గల చరిత్రయంతయు మన తలలపైన తిరుగుచున్నదన్నమాట.

ఇక స్ఫటికముల సంగతి. ఈ విషయమున మన తెలుగువాడొకరి పేరు తప్పక స్మరింపవలెను. కృష్ణామండలవాసి సూరి భగవంతము గారు 1928లో కలకత్తాకు పోయి సి. వి. రామన్ గారివద్ద చేరిరి. తరువాత వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. స్ఫటికమున నున్న సౌష్ఠవమును గణితముతో పట్టుకొని, ఏ స్ఫటికమునకు ఏ గుణమును వర్ణించుటకు ఎన్ని సంఖ్యలు కావలెనో తేల్చిరి. ఘనాకృతి స్ఫటికమునకు రోధకగుణమును చెప్పుటకు ఒక్క సంఖ్య చాలును. సౌష్ఠవము అతి తక్కువగా గలదానికి ఆరు కావలెను. వెంకటరాయుడు గారితో కలిసి వారు వ్రాసిన గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రకటించినది. 1961 నుండి 1969 వరకు వారు రక్షణశాఖకు వైజ్ఞానిక సలహాదారుగా ఈ ఢిల్లీలోనే యుండిరి. క్రమమునందలి అందమును చూపుట వారి వంతు. క్రమము తప్పినచోట ఏమగునో చూపుట, అదే రామన్ గారి శిష్యవర్గమునకు చెందిన కృష్ణన్ గారి వంతైనది.

పరమాణువులు వరుసతీరిన లోహమున ఎలక్ట్రానులు ఎట్లు పోవును? 1928లో ఫెలిక్స్ బ్లాఖ్ అనునాతడు దీనిని విప్పి చెప్పెను. పెండ్లిలో పంక్తిభోజనమును తలచుకొందము. విస్తళ్లు వరుసలు తీరియున్నచో వడ్డించువాడు ఒక చివరనుండి మరియొక చివరకు తొట్రుపడక పోవును. ఎవరో యొకరు చేయి చాపినపుడో, ప్రక్కకు ఒరిగినపుడో మాత్రమే వానికి అడ్డు తగులును. లోహమున వేడివలన పరమాణువులు కదలుటయే ఆ యొరుగుట. అందుచేతనే లోహము వేడెక్కిన కొలది నిరోధము పెరుగును. మరి ఆ వరుసలే చెదరిపోయినచో? లోహము కరగినపుడు జరుగునది అదియే. పంక్తి చెదరినచో వడ్డన నిలిచిపోవలెను గదా! కాని రాగి, వెండి, సీసము మున్నగునవి కరగినపుడు నిరోధము సుమారు రెట్టింపగును, అంతే. సోడియమున ఆపాటి పెరుగుదల కూడ లేదు. బిస్మతు కరగినచో నిరోధము తగ్గనే తగ్గును. ఇది యొక చిక్కుముడి.

ఈ ముడిని విప్పిన తొలివారిలో కరియమాణిక్కం శ్రీనివాస కృష్ణన్ గారొకరు. వారు 1898 డిసెంబరు 4వ తేదీన తమిళదేశమునందలి వత్రాప్ గ్రామమున జన్మించిరి. 1928లో రామన్ ఫలితమును లోకమునకు తెలిపిన తొలి లేఖలలో రామన్ గారి పేరుతోపాటు వీరి పేరును కలదు. ఢాకాలోను, కలకత్తాలోను పనిచేసి, 1942లో అలహాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. తమిళ సంస్కృత సాహిత్యములయందు వారికి గాఢమైన పరిచయముండెను. అలహాబాదునందు అవధ బిహారీ భాటియా అను యువకునితో కలిసి 1945లో వారు ద్రవలోహముల నిరోధమును గూర్చిన తమ భావనను ప్రకటించిరి.

ఆ భావన యేమనగా: ద్రవమున వరుసలు లేవు గాని పూర్తి అరాచకమును లేదు. తిరునాళ్ల గుంపులో వరుసలుండవు. అయినను ప్రతి మనిషి చుట్టును ఒక మూరెడు చోటు మిగిలియే యుండును. ఎవరును మరియొకరి మీద నిలువరు. ద్రవమునందలి పరమాణువులును అట్టివే. ద్రవములోనికి ఎక్స్‌రే కిరణములను పంపినచో, స్ఫటికమువలన కలుగు చుక్కలకు బదులు ఒక వలయము కనబడును. ఆ వలయమే ఇరుగుపొరుగుల నడుమనున్న ఎడమును తెలుపును. 1923లోనే రామన్, రామనాథన్ గారలు కలకత్తాలో దీనికి అర్థము చెప్పియుండిరి. వలయమునకు లోపలి భాగమున చెదరిన కిరణములు బహుస్వల్పము. ద్రవము సులభముగా నొత్తుడుపడదు గనుక దాని సాంద్రత చోటుచోటున పెద్దగా మారదు. ఎలక్ట్రాను కూడ తరంగమే గదా! ఎక్స్‌రే తరంగము చెదరిన తీరుననే ఎలక్ట్రాను తరంగమును చెదరును. కాబట్టి ఎక్స్‌రే చిత్రమునుండియే ద్రవలోహపు నిరోధమును లెక్కింపవచ్చునని కృష్ణన్, భాటియా గారలు చూపిరి. జీవితమంతయు కాంతి చెదరుటను పరిశీలించిన కనులకే ఈ సామ్యము తట్టినది.

1947లో కృష్ణన్ గారిని జాతీయ భౌతిక ప్రయోగశాలకు తొలి సంచాలకులుగా పిలిచిరి. భవనములు, నియామకములు, పరికరములు, సమితులు, ఫైళ్లు, ఇవన్నియు వారి భుజములపైన పడినవి. అయినను వారు పరిశోధన మానలేదు. వేడిచేసిన లోహములనుండి ఎలక్ట్రానులు వెలువడుటను గూర్చి ఇచ్చటనే పనిచేసిరి. 1958లో భట్నాగర్ బహుమానము మొట్టమొదట పొందినవారు వారే. 1961 జూన్ 14వ తేదీన ఢిల్లీలోనే కీర్తిశేషులైరి. అదే సంవత్సరమున ఇంగ్లండులో జాన్ జైమన్ ద్రవలోహముల నిరోధమునకు సమగ్రమైన సిద్ధాంతమును ప్రకటించెను. లోకమున నేడు దానికి జైమన్ పేరే ప్రసిద్ధము. అందు తప్పు లేదు. ఆయన దానిని పూర్తి చేసెను. కాని ఆ దారిలో పదునారేండ్ల ముందు పడిన అడుగుజాడలు అలహాబాదువని మనము మరువరాదు. పరుల కీర్తిని తగ్గించుట కొరకు కాదు, మన పిల్లలకు చెప్పుకొనుట కొరకు.

ఇంతవరకు అక్రమము ప్రయాణమును కష్టపెట్టునే గాని ఆపదని తెలిసినది. 1958లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫిలిప్ ఆండర్సన్ మరియొక సంగతిని కనిపెట్టెను. అక్రమము ఒక హద్దు దాటినచో ఎలక్ట్రాను మందగించుట కాదు, బొత్తిగా నిలిచిపోవును. కోనేటిలో రాయి వేసినచో అలలు గట్టువరకు పోవును. ఆ కోనేటినిండ స్తంభములను అడ్డదిడ్డముగా పాతినచో, ప్రతి స్తంభమునుండి వెనుకకు మరలిన అలలు ఒండొంటితో కలిసి, రాయి పడిన చోటనే అలజడిని బంధించివేయగలవు. ఎలక్ట్రాను తరంగమునకును ఇదే గతి. చాల సంవత్సరములు ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు బహుకొద్దిమంది. 1977లో ఆండర్సన్, నెవిల్ మాట్, వాన్ వ్లెక్ గారలకు నోబెల్ బహుమానము లభించినది.

అట్లు చిక్కిన ఎలక్ట్రాను ఎన్నటికిని కదలదా? కదలును, కాని దుముకవలెను. 1968 ప్రాంతమున మాట్ చెప్పిన ఈ సంగతి ఢిల్లీలో ఇల్లు వెదకిన గుమాస్తాకు సులభముగా బోధపడును. కార్యాలయమునకు దగ్గరలో ఇల్లున్నది, కాని అద్దె మోయలేనిది. మోయగల అద్దెకు ఇల్లున్నది, కాని అది నోయిడాకు ఆవల నున్నది. దూరమునకు, సొమ్మునకు నడుమ నొక రాజీ కుదుర్చుకొనవలెను. చేతిలో సొమ్ము తగ్గిన కొలది ఇంకను దూరము పోవలెను. ఎలక్ట్రానునకు ఉష్ణమే సొమ్ము. పదార్థము చల్లబడిన కొలది అది దూరపు తావులను వెదకి దుముకును. ఈ లెక్కను బట్టి వాహకత తగ్గు తీరు ఉష్ణోగ్రత యొక్క నాలుగవ మూలమును అనుసరించునని మాట్ తేల్చెను. నేను త్రిప్పిపంపిన ప్రతిపాదనలో అంత శీతలపరికరము ఎందుకడిగిరో నాకిప్పుడు తెలిసినది. ఈ నియమము నిజమో కాదో శీతలస్థితిలోనే తేలును.

రోధకముల శాఖలోను ఇట్టి మార్పే వచ్చినది. పీటర్ డిబై 1910 తరువాతి సంవత్సరములలో, ప్రతి అణువును ఒకే కాలములో సర్దుకొనునను చక్కని సిద్ధాంతము నిర్మించెను. పలుచని ద్రవములకు అది సరిపోయినది. గాజునకు, ప్లాస్టికునకు, మైనమునకు సరిపోలేదు. 1977లో ఆండ్రూ జాన్షర్ వందలకొలది పదార్థముల కొలతలను ఒకచోట చేర్చి, డిబై చెప్పినట్లు నడచునవియే అరుదనియు, తక్కినవన్నియు మరియొక ఉమ్మడి తీరున నడచుచున్నవనియు చూపెను. కోల్‌రౌష్ జాడీలో చూచిన మందగమనమే అది. మినహాయింపు అనుకొన్నది నియమమై, నియమమనుకొన్నది మినహాయింపైనది.

ఇక ప్రయోజనము. 1955లో లెనిన్‌గ్రాడునందు కొలొమియెట్స్, గొర్యునోవా గారలు కొన్ని గాజులు అర్ధవాహకములని చూపిరి. మన ఢిల్లీ ఐ.ఐ.టి.లో కె. ఎల్. చోప్రా గారి పర్యవేక్షణమున, 1979-80 ప్రాంతమున, అట్టి గాజుల సన్నని పొరలు కాంతి సోకినంతనే కుంచించుకొనిపోవుటను పరిశీలించిరి. 1975లో స్కాట్లండునందలి డండీలో స్పియర్, లెకోంబర్ గారలు క్రమము లేని సిలికానును గూడ, అందు తెగిపడిన బంధములకు ఉదజనిని జోడించి, కోరినట్లు వాహకముగా మార్చవచ్చునని నిరూపించిరి. లెక్కల యంత్రములపైనుండు చిన్న సౌరఫలకములు, కంప్యూటరు తెరలలోని సూక్ష్మమైన మీటలు దానివలననే వచ్చినవి. నేడు సచివాలయమున మన ఫైళ్లు కాగితములపైన గాక తెరలపైన కదలుచున్నవి. ఆ తెరలలో ననేకము లక్షలకొలది క్రమరహిత సిలికాను మీటలతో వెలుగుచున్నవి. ‘ఇందువలన ప్రయోజనమేమి’ అని నేడు ఏ అధికారియైనను తెరపైన వ్రాసినచో, ఆ ప్రశ్నను చూపునది ఆ ప్రయోజనమే!

తుదకు ఓమునకే వత్తము. 1979లో అబ్రహామ్స్, ఆండర్సన్, లిచ్చియార్డెల్లో గారలతో కలిసి మన దేశపు టి. వి. రామకృష్ణన్ గారు వ్రాసిన వ్యాసము సుప్రసిద్ధము. రెండు కొలతలు మాత్రమే గల పలుచని పొరలో, ఎంత స్వల్పమైన అక్రమమైనను ఎలక్ట్రానులను తుదకు బంధించునని వారు వాదించిరి. ఆ మరుసటి యేట క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్, అట్టి పలుచని పొరనే బలమైన అయస్కాంత క్షేత్రమున నుంచి చూడగా, నిరోధము మెట్లుమెట్లుగా నిలిచినది. ఆ మెట్ల విలువ పదార్థముపైన గాని, దాని ఆకారముపైన గాని ఆధారపడదు, 25,812.807 ఓములను పూర్ణసంఖ్యలతో భాగించినచో వచ్చును. ఆ మెట్లు అంత వెడల్పుగా నిలుచుటకు కారణము పొరలోని అక్రమమే. అందు చిక్కిన ఎలక్ట్రానులే మెట్టును కదలకుండ పట్టియుంచును. 1990 నుండి లోకము ఓమును ఈ మెట్లతోనే కొలుచుచున్నది. 1893లో వరుస తప్పిన పాదరసము ప్రమాణమైనది. సుమారు నూరేండ్లు గడచినపిదప వరుస తప్పిన చోట చిక్కిన ఎలక్ట్రానులు ప్రమాణమునకు కాపలాదారులైనవి.

ఈ చరిత్రనుండి మనబోటి ఉద్యోగులు గ్రహింపవలసిన దేమి? ప్రజాధనమును వ్యయపరచునపుడు ప్రశ్నించుట మన ధర్మము. ఆ ధర్మమును విడువుమని నేను చెప్పను. కాని ప్రశ్నతో పాటు గడువును గూడ మనము కాపాడవలెను. సమాధానము తెలియని పనికే పరిశోధన యని పేరు. తెలిసినచో అది కొనుగోలు మాత్రమే. 1945లో అలహాబాదు ఆచార్యుని ఎవరైనను ప్రయోజనమేమని యడిగియున్నచో, ద్రవలోహపు నిరోధము తెలియుననుట తప్ప ఆయన యేమి చెప్పగలిగియుండును? 1958లో ఆండర్సన్ మాత్రమేమి చెప్పగలిగియుండును?

నాడు నేను త్రిప్పిపంపిన ఫైలు మరల రాదు. ఆ యువ పరిశోధకులు ఎచట నున్నారో నాకు తెలియదు. కాని కృష్ణన్ మార్గమున పోవునపుడెల్ల ఆ పలకను చూచి ఒకింత తల వంచుట నాకలవాటైనది. అట్టి ఫైలు మరల నా బల్లమీదికి వచ్చినచో, ప్రశ్న వ్రాయుటకు ముందు ఆ పరిశోధనాలయమునకు నేనే పోయి అడిగి తెలిసికొందును. మార్చి నెలకు ముందే సంతకము చేయుదును. నాకు సంబంధించినంతవరకు అదియే ప్రమాణము.